డీప్ స్కై (నెబ్యులాలు, గెలాక్సీల లాంటి దూరపు వాటి) ఫోటోకి ఒక్కో ఎక్స్‌పోజర్ ఎంతసేపు ఉండాలి?
అమలాపురంలో మేడ మీద నుంచి, ట్రాకర్‌తో (నక్షత్రాల కదలికతో పాటు కెమెరాను తిప్పే పరికరం) ఓరియన్ నెబ్యులా తీయడానికి 30 సెకన్లా, 5 నిమిషాలా అని అడిగారు. ముందు 30 సెకన్లది ఒకటి తీసి హిస్టోగ్రామ్ (ఫోటోలో ఏ వెలుగు ఎంతుందో చూపే గ్రాఫ్) చూడండి. అందులోని గుట్ట ఎడమ గోడకు అతుక్కునుంటే టైమ్ చాలలేదు. గోడ వదిలి కాస్త జరిగిందా, చాలు. ఆకాశపు వెలుగు కెమెరా రీడ్ నాయిస్‌ను (ఒక్కో ఫోటో చదివేటప్పుడు కెమెరా కలిపే గరుకును) మింగేసినట్టే. ఇంకా పెంచినా పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఊరి లైట్లు, రొయ్యల చెరువుల లైట్లు ఉన్నచోట ఇది తొందరగానే జరుగుతుంది. నేరోబ్యాండ్ ఫిల్టర్ (కాస్త రంగునే లోపలికి వదిలేది) పెడితే మాత్రం నిమిషాలు కావాలి.

ఓరియన్ నడిబొడ్డు తెల్లగా పేలిపోతుంది, దానికి 5 సెకన్లవి విడిగా ఓ 20 తీసి కలపండి. నాణ్యత తెచ్చేది, కలిపే ఫోటోలన్నిటి మొత్తం సమయం: 30 సెకన్లవి 240 తీస్తే 2 గంటలు. అన్నట్టు, కోనసీమ మంచుకి లెన్స్ చెమ్మగిల్లుతుంది, లెన్స్‌ను వెచ్చగా ఉంచే డ్యూ హీటర్ మరిచిపోకండి.