కాంక్రీటు ఊసేదమ్మా?

అమ్మాయీ,

అమెరికా వాస్తుశిల్పి జూలియా మోర్గన్ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. భాష బాగుంది. కానీ ‘తొలి మహిళ’ అన్న మాట పేజీపేజీకీ ఉంది, కాంక్రీటు ఊసు మాత్రం ఎక్కడా లేదు. ఒళ్ళు మండి వెంటనే రాస్తున్నాను.

పారిస్‌లో వాస్తుశిల్పం నేర్పే బోజార్ కళాశాల సీటు కోసం ఆవిడ పడ్డ పాట్లు వివరంగా రాశావు. కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో మిల్స్ కాలేజీకి కట్టిన గంటల గోపురాన్ని మాత్రం ఒక్క వాక్యంలో దాటేశావు. అసలు కథంతా అక్కడే ఉంది. 1904లో 72 అడుగుల ఎత్తున, లోపల ఇనప కడ్డీలు పెట్టి కాంక్రీటుతో లేపింది. 1906 ఏప్రిల్‌లో భూకంపం వచ్చింది. పక్కనే శాన్‌ఫ్రాన్సిస్కో కూలి, తగలబడిపోయింది. గోపురం చెక్కుచెదరలేదు. ఎందుకో పాఠకుడికి చెప్పొద్దా? బరువు మీద పడితే కాంక్రీటు ఆగుతుంది, కానీ సాగదీస్తే పగులుతుంది. ఆ లాగుడును కడ్డీ కాస్తుంది. బర్క్‌లీలో సివిల్ ఇంజనీరింగ్ చదివిన మనిషి గనక ఆవిడకు ఈ లెక్క తెలుసు. మంటల్లో లోపలంతా కాలిపోయిన ఫెయిర్‌మాంట్ హోటల్‌ను బాగుచేసే పని ఆవిడ చేతికొచ్చింది ఆ భూకంపం తర్వాతే.

కొత్తలో నేను మా ఊరి తాపీమేస్త్రి మీద ఒక వ్యాసం రాశాను. సున్నం గానుగ పట్టడం, గోడకు తూకం చూడడం అన్నీ పెట్టాను. ‘ఇవెవరు చదువుతారండీ, కష్టాలు రాయండి’ అని ఎడిటర్ ఆ భాగమంతా కొట్టేశాడు. అచ్చయ్యాక మేస్త్రి కొడుకు చేత చదివించుకుని, ‘ఇందులో నా పనేదండీ?’ అన్నాడు. ఆ ఎడిటర్ మీద కోపం నాకింకా పోలేదు. ఇప్పటి పత్రికలదీ అదే వరస. కన్నీళ్ళుంటే చాలు, పనితనం అక్కర్లేదు.

పత్రికాధిపతి హర్స్ట్ కోసం శాన్ సిమియన్ కొండ మీద 1919లో మొదలైన భవనం పని 1947 దాకా సాగింది. వారాంతాల్లో రైలెక్కి శాన్ లూయిస్ ఒబిస్పోలో దిగి, అక్కణ్ణుంచి కారులో కొండెక్కేది. ఆయన మనసు మారినప్పుడల్లా అక్కడి నెప్ట్యూన్ అనే ఈత కొలనును మళ్ళీ పెద్దది చేసి కట్టాల్సొచ్చేది. కట్టినదాన్నే పగలగొట్టించి మళ్ళీ కట్టించడం ఎంత టెన్షనో రాయి.

అమెరికా వాస్తుశిల్పుల సంఘం ఆవిడకు 2014లో ఇచ్చిన బంగారు పతకంతో వ్యాసం మొదలుపెట్టావే, అది తీసెయ్. ఆవిడ 1957లోనే పోయింది, ఆ పతకం కళ్ళజూడలేదు.

దీన్ని పుస్తకంగా ఎవరు వేస్తారన్న సంగతి తర్వాత. ముందు గోపురం పేజీ తిరగరాసి పంపు.

ఆశీస్సులతో.