సి.ఆర్. రావు పేరు విని స్టాటిస్టిక్స్ అంటోంది... చేర్పించవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి హన్మకొండలో ఎంపీసీ సెకండియర్. కాలేజీలో గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గురించి విన్నప్పటి నుంచి స్టాటిస్టిక్స్ చదువుతానంటోంది. మేం సీఎస్‌ఈ అనుకున్నాం. ఆ చదువుకు ఉద్యోగాలుంటాయా?
– ఒక తండ్రి, పరకాల

జవాబు: రావు గారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎంఏ చేసి ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్లారు. అది దొరకలేదు. 1941లో అక్కడి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్‌ఐ)లో శిక్షణకు చేరారు. క్లాసులో ఒక విద్యార్థి వేసిన ప్రశ్న నుంచి పుట్టిందే 1945 నాటి క్రామర్–రావు హద్దు.

అదేమిటంటే, ఎనుమాముల మార్కెట్‌కు వచ్చిన పత్తిలో సగటు తేమ తెలియాలనుకోండి. అన్ని బస్తాలూ చూడలేం, 25 చూసి అంచనా కడతాం. అంచనాలో తేడా సగానికి తగ్గాలంటే 50 చాలవు, 100 చూడాలి. లెక్కకట్టే పద్ధతి మారిస్తే పాతికతోనే పనైపోదా? పక్షపాతం లేని, అంటే సగటున అసలు విలువనే ఇచ్చే పద్ధతి ఏదైనా సరే, తేడా ఒక హద్దు కంటే కిందికి దిగదని రావు గారు నిరూపించారు. తర్వాత కేంబ్రిడ్జ్‌లో ప్రసిద్ధ గణాంక శాస్త్రవేత్త ఫిషర్ దగ్గర పీహెచ్‌డీ చేస్తూ, అక్కడి మ్యూజియంలో సూడాన్ తవ్వకాల్లో దొరికిన ఎముకల కొలతలు విశ్లేషించారు. ఈ సబ్జెక్టు తీరే అంత, డేటా ఎప్పుడూ ఇంకొకరిది. అందుకే ఫార్మా కంపెనీల క్లినికల్ ట్రయల్స్, బ్యాంకులు, బీమా, ప్రభుత్వ సర్వేలు అన్నింటికీ స్టాటిస్టిక్స్ చదివినవాళ్లు కావాలి.

మొదటి గురి ఐఎస్‌ఐ కోల్‌కతాలో స్టాటిస్టిక్స్ డిగ్రీ, బీస్టాట్. ఎంట్రన్స్ సాధారణంగా మే నెలలో ఉంటుంది. మొదటి పేపర్ యూజీఏలో 30 ఆబ్జెక్టివ్ ప్రశ్నలు: సరైన జవాబుకు 4, వదిలేస్తే 1, తప్పుకు సున్నా. మనవాళ్లు దెబ్బతినేది రెండో పేపర్ యూజీబీలో. ఎనిమిది ప్రశ్నలు, రెండు గంటలు, ప్రతిదీ నిరూపించి రాయాలి. ఆప్షన్లు ప్రతిక్షేపించి జవాబు పట్టుకునే కోచింగ్ అలవాటు ఇక్కడ పనికిరాదు. ఇంటర్ మ్యాథ్స్ 2ఏలో ప్రస్తారాలు, సంభావ్యత, యాదృచ్ఛిక చలరాశులను ఛాయిస్‌లో వదలకుండా, సూత్రం ఎలా వచ్చిందో రాస్తూ చదవమనండి.

సీటు రాకపోతే డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాల దోస్త్‌లో మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్ సైన్స్ గ్రూపు పెట్టండి. చేరేవాళ్లు తక్కువైతే కొన్ని కాలేజీల్లో ఆ గ్రూపు నడవదు. వెబ్ ఆప్షన్లు ఇచ్చేముందే కాలేజీకి వెళ్లి నిరుడు ఎందరు చేరారో, స్టాటిస్టిక్స్ లెక్చరర్ ఉన్నారో లేదో కనుక్కోండి. డిగ్రీ అయ్యాక పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాసి కాకతీయలోనే ఎమ్మెస్సీ చేయవచ్చు. ఆర్, పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలు మాత్రం ఫస్టియర్ నుంచే పట్టాలి. ఎక్సెల్ ఒక్కటే వచ్చిన ఎమ్మెస్సీలు ఇంటర్వ్యూల్లో ఆగిపోతున్నారు.

డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగా ఉంటే యూపీఎస్‌సీ ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్‌కు అర్హతే. వయసు 21 నుంచి 30, రాతపరీక్ష 1000 మార్కులు, వైవా 200. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ నిర్వహించే సీజీఎల్‌ పరీక్షలో జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్ పోస్టులూ ఉంటాయి.

ఇక సీఎస్‌ఈనా, ఇదా? ఐఎస్‌ఐ వెబ్‌సైట్ నుంచి పాత యూజీబీ పేపర్ తీసి, ఒక ఆదివారం రెండు గంటలు కూర్చోబెట్టి రాయించండి. మార్కులు పట్టించుకోకండి. రాని లెక్కను మర్నాడు తనంతట తానే మళ్లీ ముందేసుకుంటే స్టాటిస్టిక్స్‌కే పంపండి. పేపర్ పక్కన పడేస్తే సీఎస్‌ఈయే మేలు.