సాల్మన్‌లో లాగా మన శీలావతికీ మేత ఖర్చు తగ్గుతుందా?

"నార్వేలో సాల్మన్ చేపని తరతరాలుగా మెరుగుపరిచి మేత ఖర్చు తగ్గించారట. మన చెరువులో జయంతి అనే మెరుగుపరిచిన రకం శీలావతి (రోహు) వేస్తే మనకీ అలాగే తగ్గుతుందా?" అని అడిగారు. తగ్గుతుంది, కానీ రోజువారీ మేతలో కాదు. మాది కైకలూరు దగ్గర పల్లె. నార్వేలో చదువుకునే రోజుల్లో రెండు వేసవులు సాల్మన్ పెంచే చోట పనిచేశాను.

ఏ చేప ఎంత తిందో తెలుసుకోవడమే అసలు తలనొప్పి. గేదె అయితే కట్టేసి తొట్టిలో కొలిచి వేస్తాం, నీళ్లలో వందల చేపలుంటే ఎలా? మేతలో ఆవగింజ కన్నా చిన్న గాజుపూసలు కలిపేవాళ్లం. తిన్నాక చేపకి మత్తిచ్చి ఎక్స్‌రే తీస్తే కడుపులో పూసలు చుక్కల్లా కనిపిస్తాయి. ఆ చుక్కలు లెక్కపెట్టడం నా పని. రాత్రి కళ్లు మూసుకున్నా చుక్కలే. ఇంతా చేస్తే, ఇవాళ కడుపునిండా తిన్న చేప రేపు మేత ముట్టదు!

అందుకే అక్కడ మొదటి నుంచీ మేతని బట్టి కాదు, ఎదుగుదలని బట్టే తల్లిచేపల్ని ఎంచుకున్నారు. 1970ల మొదట్లో సుమారు 40 నదుల సాల్మన్‌తో మొదలుపెట్టారు. ఐదు తరాలయ్యాక నది చేపతో పోల్చి చూస్తే, ఎంపిక చేసినది రెట్టింపుకు పైగా పెరిగింది. కిలో బరువుకి పట్టిన మేత సుమారు ఐదోవంతు తక్కువ. త్వరగా ఎదిగే చేప ఊరికే బతకడానికి తినే రోజులు తగ్గుతాయి మరి. కానీ అది రోజూ తినేది ఎక్కువే.

జయంతిదీ ఇదే దారి. 1992లో భువనేశ్వర్‌లోని మంచినీటి చేపల పరిశోధన సంస్థ సీఫా, నార్వే సాల్మన్ నిపుణులతో కలిసి గంగ, యమున, బ్రహ్మపుత్ర, సట్లెజ్, గోమతి నదుల చేపలతో మొదలుపెట్టింది. స్వాతంత్ర్య స్వర్ణోత్సవ సంవత్సరమైన 1997లో విడుదల చేశారు కాబట్టి ఆ పేరు. తరానికి సుమారు 17 శాతం ఎదుగుదల పెరిగింది.

ఇంత చదివీ నేను చేసిన ఘనకార్యం వినండి. నాన్న జయంతి పిల్ల వేసిన ఏడాది "మంచి జాతి కదా, తవుడు, చెక్క కాస్త తగ్గించు" అని ఫోన్‌లో చెప్పాను. చెరువులో గెడలకు కట్టిన మేత సంచులు గంటలోనే ఖాళీ అవుతున్నాయని ఆయన మొత్తుకున్నా వినలేదు. ఐదో నెలలో వల వేస్తే మా చేప, పక్క చెరువులో మామూలు చేప ఒకే తూకం. నాన్న ఏమీ అనలేదు, సంచులు మాత్రం మళ్లీ నిండా కట్టించాడు.

సాల్మన్‌కి కిలోకి కిలోంబావు మేత చాలుతుందన్న లెక్కతో మన చెరువుని పోల్చకండి. అది నూనె, మాంసకృత్తులు దట్టంగా ఉన్న గుళిక మేత. గుళికలు తినకుండా కిందికి జారుతుంటే నీళ్లలోని కెమెరాలో చూసి వెంటనే ఆపేస్తారు. మీరు నెలకోసారి వల వేసి తూకం రాసుకోండి, ఎన్ని కిలోల మేత కట్టారో పక్కనే రాయండి. పిల్ల కొనేముందు తల్లిచేపల్ని ఎక్కడి నుంచి, ఏ ఏడాది తెచ్చారో హేచరీ వాళ్లని అడగండి. నీళ్లు నమిలితే ఇంకో హేచరీ చూసుకోండి.