ఆ క్యాబ్ సంగతి వ్యాసంలో ఎందుకు లేదు తమ్ముడూ

తమ్ముడూ,

నువ్వు మెయిల్లో పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపమొచ్చింది, రెండోసారి ఇంకా ఎక్కువొచ్చింది, అందుకే మూడు రోజులు ఆగి రాస్తున్నాను. చదివించేలా రాస్తావు, భాష బాగుంది, ఆ సంగతి పక్కన పెడదాం.

"90ల్లో ఒక్క పాటతో మెరిసి మాయమైన 7 బ్యాండ్లు" అని పెట్టావు. నాలుగో నంబర్లో బ్లైండ్ మెలన్ అనే అమెరికన్ రాక్ బ్యాండ్. దానికి నువ్విచ్చింది ఐదు లైన్లు. మూడు లైన్లు 'నో రెయిన్' వీడియోలో తేనెటీగ డ్రెస్సు వేసుకున్న పిల్ల గురించే. నాలుగో లైను "ఆ తర్వాత వీళ్ళు చెప్పుకోదగ్గది ఏమీ చేయలేకపోయారు". ఐదో లైను, సింగర్ డ్రగ్స్ వల్ల చనిపోయాడు అని. ఆ నాలుగో లైను నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. ఒక్కటే అడుగుతాను, వాళ్ళ రెండో ఆల్బమ్ 'సూప్' విన్నావా? మొదటి పాట నుంచి ఆఖరి పాట దాకా, వరసగా? వినలేదు. విన్నవాడు ఆ లైను రాయలేడు.

ఎందుకింత పట్టుకున్నానంటే దానికో కథ ఉంది, కాస్త ఓపిగ్గా విను.

1993లో నేను కోఠీలో లేడీస్ హాస్టల్లో ఉండి డిగ్రీ చదివేదాన్ని. ఆదివారాలు మలక్‌పేటలో పిన్ని వాళ్ళింటికి వెళ్తే అక్కడ కొత్తగా కేబుల్ పెట్టించారు, అందులో ఎం టీవీ వచ్చేది, అక్కడే మొదటిసారి చూశాను ఆ పాట. అందరిలాగే నాకూ ఆ పిల్లే గుర్తుండిపోయింది. నాలుగేళ్ళ తర్వాత అమెరికా వెళ్ళిన మా పెద్దనాన్న కొడుకు సెలవుల్లో వస్తూ నాకోసం రెండు క్యాసెట్లు తెచ్చాడు, అందులో ఒకటి 'సూప్'. ఇంకో నో రెయిన్ ఉంటుందేమో అని వాక్‌మన్‌లో పెట్టాను. లేదు. మొదలే ఒక బ్రాస్ బ్యాండ్, ఊరేగింపు వెళ్తున్నట్టు, దాని మీద నిద్రమత్తులో పాడుతున్నట్టు ఒక గొంతు, అంతలోనే గిటార్లు విరుచుకుపడ్డాయి. మొదటి వారం నచ్చలేదు. రెండో వారం అర్థం కాలేదు. మూడో వారం నుంచి ఆ క్యాసెట్ తప్ప ఇంకోటి వినబుద్ధి కాలేదు, టేపు సాగిపోయి గొంతు బొంగురుగా వచ్చేదాకా విన్నాను.

అందులో 'వెర్నీ' అని ఒక పాట, వాళ్ళ సింగర్ షానన్ హూన్ తన బామ్మ గురించి ప్రేమగా పాడింది. అది అయిన వెంటనే 'స్కిన్డ్', రెండు నిమిషాలు కూడా ఉండదు, బాంజో, పిల్లల బూరలాంటి కజూ, పిల్లలు గంతులేసేలాంటి ట్యూను, తీరా చూస్తే అది మనుషుల చర్మంతో ఇంట్లో సామాన్లు చేసుకున్న ఎడ్ గీన్ అనే విస్కాన్సిన్ హంతకుడి గొంతుతో పాడిన పాట. ఆప్యాయంగా బామ్మ పాట విని, ఆ నవ్వు మొహం మీద ఉండగానే ఇంకో ఇంట్లోకి నడిచి వెళ్తావు, ట్యూను సరదాగా ఉందని కాలు ఆడిస్తూ ఉంటావు, సగంలో మాటలు చెవిన పడి కాలు ఆగిపోతుంది. వరస మార్చి వింటే ఇది జరగదు. ప్లేలిస్టులో ఒక్క పాట ఏరుకుని వింటే అసలే జరగదు. ఇంకొంచెం ముందుకెళ్తే 'కార్ సీట్'. 1994లో సౌత్ కరోలినాలో ఒక తల్లి ఇద్దరు చిన్న పిల్లలు సీట్లలో ఉండగానే కారుని చెరువులోకి వదిలేసింది, ఆ వార్త మీద పాట. అరిచి పాడడు, నెమ్మదిగా పాడతాడు, నీళ్ళలోకి దిగుతున్నట్టే ఉంటుంది. '2x4' అనేది తను డ్రగ్స్ మానడానికి రీహాబ్‌లో ఉన్న రోజుల గురించి. వెతికినా ఒక్క తేనెటీగ కనపడదు ఈ ఆల్బమ్‌లో. నలభై లక్షల ఆల్బమ్‌లు అమ్మిపెట్టిన ఆ పసుపు బొమ్మని వదిలేసి, న్యూ ఆర్లీన్స్ వెళ్ళి కూర్చుని ఇలాంటిది చేసుకొచ్చారు వాళ్ళు, దాన్ని నువ్వు "ఏమీ చేయలేకపోయారు" అన్నావు.

రెండో వైపు 'న్యూ లైఫ్' అని ఒకటుంది. తనకి పుట్టబోయే బిడ్డ గురించి, ఆ బిడ్డ వస్తే తను మారతాడా అని తనని తనే అడుక్కునే పాట. నేను దాన్ని దాదాపు ఏడాది విన్నాను తమ్ముడూ, అతను ఆ బిడ్డని పెంచుకుంటూ ఉండి ఉంటాడు అనుకుంటూ. ఉత్తరం రాద్దామని కూడా మొదలుపెట్టాను, సగం రాసింది ఇంకా ఉంది నా దగ్గర. ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కుప్పలో ఒక ఇంగ్లీషు మ్యూజిక్ మ్యాగజైన్ దొరికింది, అక్కడే నిలబడి తిరగేస్తే అందులో ఉంది. ఆల్బమ్ వచ్చింది 1995 ఆగస్టులో, అతను పోయింది 1995 అక్టోబర్ 21న, టూర్ బస్సులో, న్యూ ఆర్లీన్స్‌లోనే. 28 ఏళ్ళు. కూతురికి మూడు నెలలు. నేను ఆ పాట మొదటిసారి వినేసరికే అతను పోయి రెండేళ్ళవుతోంది. ఆ షాపతను "తీసుకుంటావా అమ్మా, పెట్టేస్తావా" అని అడుగుతూనే ఉన్నాడు.

ఆ రాత్రే రాయడం మొదలుపెట్టాను. పదకొండు పేజీలు, తెలుగులో. అప్పటిదాకా ఏదీ రాయలేదు నేను. ఒక వారపత్రికకి తీసుకెళ్తే ఎడిటర్ గారు చూసి "ఇవన్నీ మనోళ్ళకెందుకమ్మా, లేడీస్ పేజీకి ఏమైనా రాయకూడదూ" అన్నారు. నాలుగుసార్లు తిరిగాను. చివరికి వేశారు. ఎలా వేశారంటే ఐదు లైన్లు, పాప్ కబుర్ల కాలమ్‌లో, తేనెటీగ పిల్ల ఫోటో పెద్దది, దాని కింద మూడు లైన్లు ఆ పిల్ల గురించి, ఒక లైను "ఆ తర్వాత కనుమరుగయ్యారు", ఒక లైను సింగర్ మరణం. కింద నా పేరు. ఇప్పుడర్థమైందా నీ ఐదు లైన్లు చదివి నాకేమైందో? నా పదకొండు పేజీల్ని ఎవరో కోసి పారేస్తే మిగిలినదాన్ని నువ్వు నీ అంతట నువ్వే రాశావు, ఎవరూ కత్తెర పట్టుకోకుండానే. ఆ పత్రికని ఇంట్లో ఎవరికీ చూపించలేదు నేను. ఆ ఎడిటర్ గారి మీద ఇప్పటికీ నాకు కోపం పోలేదు.

అందుకే ఎవరడిగినా చెప్తాను, ఒక బ్యాండ్ గురించి రాయాలంటే హిట్ తర్వాత వచ్చిన ఆల్బమ్ దగ్గర మొదలుపెట్టు. హిట్ దగ్గర కాదు. హిట్ అనేది చాలాసార్లు బ్యాండ్ చేతిలో ఉండదు. 'నో రెయిన్'నే తీసుకో, ఆల్బమ్ వచ్చింది 1992 సెప్టెంబర్లో, దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు, మరుసటి ఏడు ఆ వీడియో వచ్చాకే జనం ఎగబడ్డారు. ఆ పాట రాసింది హూన్ కూడా కాదు, బేస్ వాయించే బ్రాడ్ స్మిత్, అదీ బ్యాండ్ పెట్టకముందు, చేతిలో ఏమీ లేని రోజుల్లో. పొద్దున మంచం దిగలేని దిగులు గురించి రాసుకున్న పాట అది, జనం ఎండలో డాన్సు చేసే పాట అనుకున్నారు. హిట్‌లో సగం టీవీది, సగం కంపెనీది. ఆ తర్వాత, అందరూ "మళ్ళీ అలాంటిదే చెయ్యండి" అని మెడ మీద కూర్చున్నప్పుడు వాళ్ళేం చేశారు అనేదే వాళ్ళది.

నీ లిస్టులోనే ఉన్న హార్వీ డేంజర్‌ని చూడు. వాళ్ళ హిట్ 'ఫ్లాగ్‌పోల్ సిట్టా' గురించి రాశావు సరే. వాళ్ళ రెండో ఆల్బమ్ 'కింగ్ జేమ్స్ వెర్షన్' రికార్డు చేసి పెట్టుకుంటే కంపెనీలు ఒకదాన్నొకటి కొనుక్కునే గొడవలో అది మూలన పడింది, 2000లో బయటికి వచ్చేసరికి అడిగేవాడు లేడు. వాళ్ళు 2005లో మూడోది సొంతంగా చేసి ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టేశారు, ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోండి అని. 2005లో! అది నీ వ్యాసంలో లేదు. ఇలినాయ్‌లోని షాంపేన్ ఊరి హమ్ బ్యాండ్ అయితే నీ లిస్టులో అసలే లేదు, వాళ్ళకీ 1995లో 'స్టార్స్' ఒక్కటే హిట్. 1998లో 'డౌన్‌వర్డ్ ఈజ్ హెవెన్‌వర్డ్' అని ఇంకా గొప్పది చేస్తే కొనలేదు ఎవరూ, 2000లో విడిపోయారు, ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు. 2020 జూన్‌లో, అందరం ఇళ్ళల్లో తలుపులేసుకుని కూర్చున్నప్పుడు, ముందు ఒక్క మాట చెప్పకుండా 'ఇన్‌లెట్' అని ఆల్బమ్ వదిలారు, ఎనిమిది పాటలు, గిటార్లు గోడ కట్టినట్టు. మరుసటి ఏడాది వాళ్ళ డ్రమ్మర్ బ్రయాన్ సెయింట్ పియర్ పోయాడు. ఆఖరి ఆల్బమ్ తర్వాత ఇరవై రెండేళ్ళకి తిరిగొచ్చి అలాంటిది చేసినవాళ్ళని ఒక్క పాట బ్యాండ్ అంటే నేనెలా ఒప్పుకుంటాను.

"అండర్‌రేటెడ్" అనే మాట తొమ్మిది సార్లు వాడావు, లెక్కపెట్టాను. ఈ మధ్య అందరికీ అదో ఊతపదమైపోయింది, టీ కూడా అండర్‌రేటెడ్ అంటున్నారు. ఆ మాట రాసిన ప్రతిచోటా దాన్ని కొట్టేసి నీకు వినపడింది రాయి. గిటార్ ఎక్కడ మొదలైంది, గొంతు ఎక్కడ చీరుకుపోయింది, నువ్వు ఎక్కడ వెనక్కి తిప్పి విన్నావు. 'సూప్'లోనే ఉన్న 'మౌత్‌ఫుల్ ఆఫ్ క్యావిటీస్' వింటే తెలుస్తుంది, చిన్నగా అకూస్టిక్ గిటార్‌తో మొదలై, ఒక అమ్మాయి గొంతు వచ్చి కలిసి, చివరికి ఎక్కడికి తీసుకెళ్తుందో. ఒక్క పాటకి ఒక పేజీ రాయొచ్చు. ఏడు బ్యాండ్లకి ఏడు ముక్కలు ఎవరు రాయమన్నారు నిన్ను?

హూన్ ఐదేళ్ళపాటు వీడియో కెమెరా పట్టుకుని తనని తనే తీసుకున్నాడు, పోయే రోజు దాకా. ఆ టేపుల నుంచే 2019లో 'ఆల్ ఐ కెన్ సే' అని డాక్యుమెంటరీ తీశారు, దొరికితే చూడు. కానీ ఆల్బమ్ విన్న తర్వాతే.

ఇంకా ఏవేవో అడిగావు, ఎక్కడికి పంపాలి, ఎంతిస్తారు, ఇంగ్లీషులో రాస్తే ఎక్కువమంది చదువుతారా అని. పాట పేర్లు తెలుగు లిపిలో రాయాలా అన్నదానికి మాత్రం చెప్తాను, రాయి, నాకు అలాగే ఇష్టం.

అసలు చెప్పాల్సింది ఇప్పుడు. నీ మెయిల్ చివర్లో, వ్యాసం అతికించిన తర్వాత, సంతకం పైన ఒక లైను రాశావు. గచ్చిబౌలి నుంచి నైట్ షిఫ్ట్ అయ్యాక క్యాబ్‌లో వస్తుంటే ఫోన్‌లో బ్లైండ్ మెలన్ వాళ్ళ 'చేంజ్' దానంతటదే మొదలైందని, నాన్నగారు పోయి అప్పటికి ఎనిమిది రోజులైందని, మెహిదీపట్నం వచ్చేదాకా కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నావని. ఆ పాట ఎక్కడిదో తెలుసా నీకు? ఊరు వదిలి లాస్ ఏంజెలెస్ వచ్చిన హూన్ ఒక పార్టీలో గిటార్ పట్టుకుని అదే పాడాడు, అది విని, మిసిసిపీ నుంచి వచ్చి బ్యాండ్ మొదలుపెట్టిన కుర్రాళ్ళు ఇద్దరూ అతన్ని తమతో కలుపుకున్నారు. ఇండియానాలో అతని సమాధి రాయి మీద చెక్కింది కూడా ఆ పాటలోని మాటలే. వ్యాసం మొత్తంలో 'చేంజ్' పేరు ఒక్కసారి కూడా లేదు. సంతకం పైన పెట్టి పంపించేశావు దాన్ని.

ఏడు బ్యాండ్లూ తీసేయ్. 'సూప్' ముందు ఒక పదిసార్లు విను, నచ్చకపోయినా సరే. తర్వాత ఆ క్యాబ్ రాయి. డ్రైవర్ ఏం మాట్లాడాడో, నువ్వు ఏడుస్తుంటే అద్దంలో చూశాడా లేదా, అతని పాట ఏదైనా మోగుతోందా, నీ చెవుల్లో ఇయర్‌ఫోన్స్ ఉన్నాయా, ఇవేవీ చెప్పలేదు నువ్వు. ఇంటికెళ్ళాక మళ్ళీ పెట్టుకుని విన్నావా అనేది కూడా. అవి రాసి పంపు, నేను చదువుతాను.

మీ అక్క