ఒక్కరే కూర్చుని చూడకండి

ప్రశ్న: మిషిగన్ వచ్చి నాలుగు నెలలయింది. మా బృందంలో సగం మంది ఆఫ్రికన్ అమెరికన్లు. భోజనాల దగ్గర పాత సినిమాల్లో మాటలు చెప్పుకుని పడీ పడీ నవ్వుతారు. నాకు ఒక్క ముక్కా అర్థం కాదు. ఏ సినిమాలు చూడాలి? ఆ డైలాగులు నేర్చుకుంటే వాళ్లతో తొందరగా కలిసిపోవచ్చా?
– సౌత్‌ఫీల్డ్ నుంచి ఒక సోదరుడు

జవాబు: వీసా గురించో పన్నుల గురించో అడగనందుకు ముందుగా సంతోషం. అవన్నీ ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఉంటాయి, చదువుకున్నవారు చూసుకోగలరు. కానీ మీ చివరి వాక్యం చదివి ఉలిక్కిపడ్డాను.

జాబితాకేం, అరనిమిషం పని. నల్లజాతి హాస్యనటుడు ఎడ్డీ మర్ఫీవి మూడు: 1982లో ‘ఫార్టీ ఎయిట్ అవర్స్’, 1984లో ‘బెవర్లీ హిల్స్ కాప్’, 1988లో ‘కమింగ్ టు అమెరికా’. ఐస్ క్యూబ్ ‘ఫ్రైడే’, విల్ స్మిత్, మార్టిన్ లారెన్స్‌ల ‘బ్యాడ్ బాయ్స్’ రెండూ 1995లోవే. 1998లో వెస్లీ స్నైప్స్ ‘బ్లేడ్’, క్రిస్ టక్కర్, జాకీ చాన్‌ల ‘రష్ అవర్’. మీ తరానికి ఇవన్నీ ఫోనులోనే దొరుకుతాయి. అసలు ప్రమాదం కూడా అక్కడే ఉంది.

నేను 1998 నవంబరులో డెట్రాయిట్‌లో దిగాను. రెండు పడకగదుల అపార్ట్‌మెంటులో నలుగురం. దిగిన రోజే, నాకంటే ఆరు నెలల ముందు వచ్చినవాడు హితబోధ చేశాడు: మా శివారుకీ డెట్రాయిట్ ఊరికీ హద్దయిన ఎయిట్ మైల్ రోడ్డు దాటి ఊళ్లోకి వెళ్లవద్దు, అక్కడంతా నల్లవాళ్లే. తనూ ఎన్నడూ దాటినవాడు కాదు. మనవాళ్లు వాళ్లకు చాటుగా పెట్టుకున్న పేరు కూడా ఆ రోజే నేర్పాడు. దాన్ని ఇక్కడ రాయను. ఆ చలికాలమంతా ఆఫీసు, ఇల్లు, కుక్కరు. శనివారాలు కిటికీలోంచి మంచు చూస్తూ ఫోను కార్డులో మిగిలిన నిమిషాలు లెక్కపెట్టుకునేవాణ్ణి. నలుగురం ఉండి కూడా అంత ఒంటరితనం ఎలా పట్టిందో ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఆఫీసులో నా పక్క సీటు ఒక యాభై ఏళ్ల నల్లజాతి పెద్దమనిషిది. ఒక శుక్రవారం ఆయన ‘మమ్‌ఫర్డ్’ అని రాసి ఉన్న టీషర్టు వేసుకొచ్చాడు. ఏమిటని అడిగాను. అది ఆయన చదువుకున్న డెట్రాయిట్ హైస్కూలు పేరట. ‘బెవర్లీ హిల్స్ కాప్’లో మర్ఫీ కట్టిన డెట్రాయిట్ పోలీసు ఆక్సెల్ ఫోలీ వేసుకునేదీ అదేనట. ఈ ఊళ్లో ఉంటూ ఆక్సెల్ ఫోలీ తెలియదా అని నవ్వాడు.

ఆ సాయంత్రమే క్యాసెట్ అద్దెకు తెచ్చి, వెనక్కి తిప్పుకుంటూ మూడుసార్లు చూశాను. ఆ వేషం మొదట సిల్వెస్టర్ స్టాలోన్ కట్టాల్సిందట, చివరికి ఇరవై మూడేళ్ల మర్ఫీకి దక్కింది. ఫోలీకి ఒక హోటల్లో గది లేదంటారు. తానొక పెద్ద పత్రికా విలేఖరినని చెప్పి, నల్లవాణ్ణి కాబట్టే గది ఇవ్వడం లేదని నలుగురూ వినేలా గొంతు పెంచుతాడు. హోటలు వాళ్లు పరువు పోతుందని గది ఇచ్చేస్తారు. తుపాకీ ఉన్న పోలీసు నోటితో గెలిచాడని మురిసిపోయాను. ఆ ఎత్తు పారడానికి ఎన్ని తరాల అవమానం పెట్టుబడి అయిందో అప్పుడు తట్టలేదు.

నేను కాలేజీలో ‘దానవీరశూరకర్ణ’ మయసభ ఏకపాత్రాభినయానికి కప్పు కొట్టినవాణ్ణి. డైలాగు అప్పచెప్పడమంటే మనకు గౌరవం చూపడమే కదా. సోమవారం భోజనాల దగ్గర లేచి నిలబడి ఆ హోటలు ఘట్టం మొత్తం అప్పచెప్పాను. అందులో, వాళ్లలో వాళ్లు మాత్రమే అనుకోదగ్గ మాట ఒకటి ఉంది. అదీ వదల్లేదు.

బల్ల దగ్గర చప్పుడు ఆగిపోయింది. ఆయన కాగితపు రుమాలు నాలుగు మడతలు వేసి డబ్బాలో పెట్టి, మూత నొక్కాడు. “ఆ మాట నీ నోటిది కాదు” అని మెల్లగా అని లేచి వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది. రెండు వారాలు నా సీటు దగ్గరే చల్లారిన పెరుగన్నం ఒక్కణ్ణే తిన్నాను.

చివరికి వెళ్లి, తెలియక అన్నానని చెప్పుకున్నాను. “తెలియక అన్నావా, అడగక అన్నావా?” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ ఆదివారం వాళ్లింటికి రమ్మన్నాడు. అలా మొదటిసారి ఎయిట్ మైల్ రోడ్డు దాటాను. దాటాక కనిపించినవి ఇళ్లు, చర్చిలు, మంచు ఎత్తిపోస్తున్న ముసలివాళ్లు.

ఆయన తండ్రి కారు ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యాడు. అందరం కూర్చుని ‘కమింగ్ టు అమెరికా’ చూశాం. ఆఫ్రికాలో జమూండా అనే కల్పిత దేశపు యువరాజు న్యూయార్క్ వస్తాడు, దిగీ దిగగానే పెట్టెలు పోతాయి, హాంబర్గర్ కొట్టులో నేల తుడుస్తాడు. మనలాంటివాళ్ల కథే అనుకోండి, ఆయన మాత్రం కోరి వచ్చాడు. మంగలిషాపులో ముసలివాళ్లు పాత బాక్సర్లు జో లూయిస్, రాకీ మార్సియానోలలో ఎవరు గొప్పని పోట్లాడుకుంటారు. లూయిస్ వయసు పెంచుకుంటూ పోయి 137 ఏళ్లకు తెస్తారు. ఇంట్లో అందరూ కళ్లనీళ్లు పెట్టుకుని నవ్వుతుంటే నేను గోడలా కూర్చున్నాను. పెద్దాయన సినిమా ఆపించి చెప్పాడు: లూయిస్ డెట్రాయిట్‌లో పెరిగినవాడు. 1951లో మార్సియానో చేతిలో ఓడేనాటికి వయసు ముప్పై ఏడు. ఊరి నడిబొడ్డున వేలాడే ఆ పెద్ద కంచు పిడికిలి ఆయనదే. నేను దాని ఫొటో ఎన్నిసార్లు చూశానో! ఏదో కంపెనీ గుర్తు అనుకున్నాను. అప్పుడు క్యాసెట్ వెనక్కి తిప్పించి చూస్తే నాకూ నవ్వాగలేదు. అది అచ్చం మా ఊరి మంగలి కొట్టు, ఎన్టీఆర్ గొప్పా ఏఎన్నార్ గొప్పా అన్న పోట్లాట. ఆ ముసలివాళ్లలో ఇద్దరు మర్ఫీయేనని, ఒకడు తెల్లవాడి వేషమని చెబితే నమ్మలేదు. సినిమా మొత్తంలో నాలుగు వేషాలట. మా అక్కినేని 1966లోనే తొమ్మిది కట్టాడని అక్కడా గొప్ప చెప్పుకున్నాను. ఈసారి ఎవరూ లేచి వెళ్లలేదు.

కాబట్టి తమ్ముడూ, డైలాగులు కంఠస్థం చేయకండి. రాత్రి పన్నెండింటికి దుప్పటి కప్పుకుని ఫోనులో ఒక్కరే అసలు చూడకండి. నవ్వు విన్నప్పుడు అది ఏ సినిమాలోదని అడగండి. ఇంకా చూడలేదా అని ఎవరో ఒకరు ఆశ్చర్యపోతారు, అదే మంచి సమయం. ఇంటికి పిలిస్తే పులిహోర పట్టుకెళ్లండి, మిరపకాయలు తగ్గించి. నేను ఆవకాయ అన్నం పట్టుకెళ్లాను. పెద్దాయన మర్యాద కోసం మొత్తం తిని, మూడు గ్లాసుల నీళ్లు తాగి, జమూండాలో అందరూ ఇదే తింటారా అని అడిగాడు.