రెండు నానోమీటర్ల పోటీని నమ్ముకుని ఈసీఈ తీసుకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసింది. ఈఏపీసెట్‌లో వచ్చిన ర్యాంకుకు ఒక మామూలు కాలేజీలో సీఎస్‌ఈ, దానికంటే మంచి పేరున్న మరో కాలేజీలో ఈసీఈ వచ్చేలా ఉన్నాయి. 2 నానోమీటర్ల చిప్‌ల కోసం కంపెనీలు పోటీ పడుతున్న వార్తలు చదివి, తాను ప్రాసెసర్ల రంగంలోకే వెళ్తానంటోంది. ఆ చిప్‌లు తయారయ్యేది తైవాన్‌లో కదా, ఇక్కడ ఉద్యోగాలెక్కడ ఉంటాయన్నది నా భయం. ఇంటెల్ వేలమందిని తీసేసిందని కూడా విన్నాను. వెబ్ ఆప్షన్లలో ఏది ముందు పెట్టమంటారు? – ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: ముందు తైవాన్ సంగతి చూద్దాం. ఇతరుల కోసం చిప్‌లు తయారుచేసే సంస్థల్లో అక్కడి టీఎస్‌ఎంసీ ప్రపంచంలోకెల్లా పెద్దది. కానీ అది తన పేరుతో ప్రాసెసర్లు అమ్మదు. యాపిల్, ఎన్‌విడియా, క్వాల్‌కామ్, ఏఎండీ వంటి సంస్థలు డిజైన్ చేసి ఇస్తే తయారు చేసి పెడుతుంది. ఏఎండీ తన ఫ్యాక్టరీలను 2009లోనే వేరే సంస్థగా విడదీసి, ఆ తర్వాత పూర్తిగా వదిలించుకుంది. ఇప్పుడు దానికున్నదంతా డిజైన్ బలమే. ఆ డిజైన్ పనిలో కొంత జరిగేది హైదరాబాద్, బెంగళూరుల్లో. ఏఎండీ, క్వాల్‌కామ్, ఇంటెల్, మైక్రాన్ సంస్థలన్నిటికీ హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ కేంద్రాలున్నాయి. ప్రపంచంలోని చిప్ డిజైన్ ఇంజినీర్లలో సుమారు ఐదో వంతు మంది మన దేశంలోనే ఉన్నారని కేంద్ర ప్రభుత్వం చెబుతోంది. కాబట్టి ఫ్యాక్టరీ ఎక్కడుందన్న దాన్ని బట్టి మీ అమ్మాయి ఉద్యోగాన్ని లెక్క వేయకండి.

చిప్‌లోని ట్రాన్సిస్టర్లు, అంటే అతి చిన్న స్విచ్‌లు, ఇంకా చిన్నవయ్యే కొద్దీ డిజైన్ పని తగ్గదు, పెరుగుతుంది. ఇది ఎందుకో మీరూ మీ అమ్మాయీ ఇద్దరూ అర్థం చేసుకోవాలి. 3 గిగాహెర్ట్జ్ వేగంతో నడిచే ప్రాసెసర్‌లో ఒక్కో క్లాక్ సైకిల్‌కు, అంటే పనిలో ఒక్కో అడుగుకు, దొరికే సమయం దాదాపు 333 పికోసెకన్లు (పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లవ వంతు). ఒక ఫ్లిప్‌ఫ్లాప్ (ఒక బిట్‌ను దాచి ఉంచే చిన్న సర్క్యూట్) నుంచి బయల్దేరిన సిగ్నల్ మధ్యలోని లాజిక్ గేట్లన్నీ (ట్రాన్సిస్టర్లతో కట్టిన, లెక్క చేసే చిన్న సర్క్యూట్లు) దాటి, ఆ సమయం ముగిసేలోగా తర్వాతి ఫ్లిప్‌ఫ్లాప్‌కు చేరాలి. ట్రాన్సిస్టర్లు చిన్నవైతే వాటిని కలిపే రాగి తీగలూ సన్నబడతాయి, సన్నబడితే వాటి నిరోధం పెరుగుతుంది. అప్పుడు సిగ్నల్‌కు ఆలస్యం గేట్లలో కన్నా తీగల్లోనే ఎక్కువ జరగవచ్చు. ఇంజినీరు ముందు ఒక రిపోర్టు ఉంటుంది. అందులో ఫలానా దారిలో సిగ్నల్ 8 పికోసెకన్లు ఆలస్యమని కనిపిస్తే, గేటును పక్కకు జరపాలా, పెద్దది పెట్టాలా, తీగను పై పొరలోకి మార్చాలా అని ఆలోచించాలి. ఒకచోట సరిచేస్తే మరోచోట చెడుతుంది. వేడిలో, చలిలో, తక్కువ వోల్టేజీలో కూడా లెక్క సరిపోవాలి. ఈ తరం చిప్‌లకు మాస్కుల (డిజైన్‌ను సిలికాన్ మీద ముద్రించే అచ్చుల) ఖర్చే కోట్ల రూపాయల్లో ఉంటుంది, తప్పు దొర్లితే నెలలు వృథా. అందుకే చాలా ప్రాజెక్టుల్లో డిజైన్ చేసేవారితో సమానంగానో, అంతకంటే ఎక్కువగానో వెరిఫికేషన్ ఇంజినీర్లు, అంటే తయారీకి ముందే డిజైన్‌లో తప్పులు పట్టేవారు, ఉంటారు. ఓపిగ్గా తప్పు వెతికే గుణం ఉన్న పిల్లలకు ఇది నిజంగా మంచి రంగం.

ఇంకొక మాట మీ అమ్మాయికి. 2 నానోమీటర్లంటే చిప్‌లో ఏదో భాగం కొలత అనుకోవద్దు. ఇప్పుడది ఒక తరానికి పెట్టిన పేరు మాత్రమే. శామ్‌సంగ్ 2022 జూన్‌లోనే 3 నానోమీటర్ల తయారీ మొదలుపెట్టింది, కరెంటు పారే దారిని గేటు (ఇక్కడ గేటంటే ట్రాన్సిస్టర్‌ను ఆన్, ఆఫ్ చేసే భాగం) అన్నివైపులా చుట్టి ఉండే కొత్త ట్రాన్సిస్టర్‌ను ముందుగా తెచ్చిందీ అదే. టీఎస్‌ఎంసీ ఆ ఏడాది డిసెంబరులో గేటు మూడు వైపులే ఉండే పాత ఫిన్‌ఫెట్ పద్ధతితోనే 3 నానోమీటర్లకు వచ్చింది. అయినా పెద్ద కస్టమర్లు ఎక్కువగా టీఎస్‌ఎంసీ వైపే వెళ్లారు, ఎందుకంటే పేరులోని అంకె కంటే ఒక్కో వేఫర్ (చిప్‌లు ముద్రించే సిలికాన్ పళ్లెం) మీద ఎన్ని చిప్‌లు బాగా వచ్చాయన్నదే అసలు లెక్క. ఇంటర్వ్యూలో ఈ తేడా వివరించగలిగే ఫ్రెషర్ మీద మంచి అభిప్రాయం కలుగుతుంది.

ఇక ఇంటెల్. మీ భయం వట్టిది కాదు. 10 నానోమీటర్ల తయారీలో ఆ సంస్థ ఏళ్లతరబడి ఆలస్యం చేసింది. 2019లో ఏఎండీ టీఎస్‌ఎంసీ చేత 7 నానోమీటర్ల ప్రాసెసర్లు చేయించి ముందుకు దూసుకుపోయింది. 2024 ఆగస్టులో ఇంటెల్ సుమారు 15 వేల ఉద్యోగాలు తగ్గిస్తామని ప్రకటించింది, మరుసటి ఏడాది ఇంకా తగ్గించింది. ఈ రంగంలో ఎత్తుపల్లాలు తప్పవు. కానీ వెరిలాగ్ (సర్క్యూట్‌ను కోడ్‌గా రాసే భాష), టైమింగ్ విశ్లేషణ (పైన చెప్పిన ఆలస్యాల లెక్క), కంప్యూటర్ ఆర్కిటెక్చర్ (ప్రాసెసర్ లోపలి అమరిక) ఏ కంపెనీలోనైనా అవే. వాటిమీద పట్టున్నవారికి ఒకచోట తలుపు మూసుకుపోయినా మరోచోట అడిగే వీలుంటుంది.

మరో కష్టం కూడా ముందే చెప్పాలి. సాఫ్ట్‌వేర్‌తో పోలిస్తే ఇక్కడ ఫ్రెషర్లకు ఖాళీలు తక్కువ. డిజిటల్ ఎలక్ట్రానిక్స్, సీమాస్ (చిప్‌లలో వాడే ట్రాన్సిస్టర్ సర్క్యూట్ల పద్ధతి), సీ ప్రోగ్రామింగ్ గట్టిగా రాకపోతే మొదటి రౌండు దాటడం కష్టం. అవసరమైతే గేట్ పరీక్ష రాసి ఎంటెక్ చేయడానికీ సిద్ధంగా ఉండాలి. బీటెక్ చివర్లో లక్షల ఫీజు తీసుకుని ‘వంద శాతం ప్లేస్‌మెంట్’ రాసి ఇస్తామనే శిక్షణ సంస్థల జోలికి మాత్రం వెళ్లకండి. అప్పు చేసి కట్టిన తల్లిదండ్రులను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

కౌన్సెలింగ్‌కు ముందు ఒక పని చేయించండి. ఐకారస్ వెరిలాగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మామూలు ల్యాప్‌టాప్‌లోనే నడుస్తుంది. ఎన్‌పీటెల్ (ఐఐటీల ఆన్‌లైన్ కోర్సులు) పాఠాలు చూస్తూ, సున్నా నుంచి తొమ్మిది దాకా లెక్కపెట్టే నాలుగు బిట్ల కౌంటర్ ఒకటి వెరిలాగ్‌లో రాయమనండి. తొమ్మిది తర్వాత సున్నాకు రావాల్సింది పదికి వెళ్తే ఎందుకు వెళ్లిందో వేవ్‌ఫారంలో (సిగ్నళ్లు ఎప్పుడెలా మారాయో చూపే గ్రాఫ్‌లో) తానే వెతుక్కోవాలి. ఆ వెతుకులాట ఆమెకు నచ్చితే మంచి కాలేజీలోని ఈసీఈనే ముందు పెట్టండి.

ఆ కాలేజీకి మీరే వెళ్లి, చిప్ డిజైన్ ల్యాబులో కేడెన్స్ లేదా సినాప్సిస్ కంపెనీల చిప్ డిజైన్ సాఫ్ట్‌వేర్ ఉందా, విద్యార్థులు దాన్ని నిజంగా వాడుతున్నారా అని సీనియర్లను అడగండి. కేంద్రం చేపట్టిన ‘చిప్స్ టు స్టార్టప్’ కార్యక్రమం ద్వారా కాలేజీలకు ఇవి అందుతున్నాయి, అందులో ఆ కాలేజీ ఉందో లేదో కనుక్కోండి. బోర్డు మీద ‘వీఎల్‌ఎస్‌ఐ’ (చిప్ డిజైన్ సబ్జెక్టు పేరు) అని ఉన్నంత మాత్రాన సరిపోదు, ఆ పాఠం చెప్పే అధ్యాపకులెవరో తెలుసుకోండి.

కౌంటర్ రాయడం విసుగనిపిస్తే సీఎస్‌ఈకి వెళ్లనివ్వండి. వెరిఫికేషన్‌లోకి, చిప్ కంపెనీల్లోని కంపైలర్, డ్రైవర్ వంటి సాఫ్ట్‌వేర్ పనుల్లోకి సీఎస్‌ఈ వాళ్లనూ తీసుకుంటారు. రెండో సంవత్సరంలో వచ్చే కంప్యూటర్ ఆర్కిటెక్చర్‌ను మార్కుల కోసం కాకుండా చదివితే ఆ దారి తెరిచే ఉంటుంది.