సెలవులో ఉండగా మేనేజరు వేధిస్తే: దుబాయ్‌లో పనిచేస్తున్న మేనల్లుడికి ఒక ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి రాయునది.

చెల్లి పెళ్ళి పనుల మధ్య నువ్వు పెరట్లోకి వెళ్ళి పొద్దుపోయేదాకా మీ మేనేజరుకు సంజాయిషీలు చెప్పుకుంటున్నావని, అతను నిన్న ఏకంగా మీ అమ్మ నంబరుకే ఫోన్‌ చేశాడని, విసిగిపోయి నువ్వు "పోతే పోయింది ఉద్యోగం" అన్నావని అక్క చెప్పి బాధపడింది. నోటితో చెబితే సగం వింటావు, సగం మరిచిపోతావు కనుక ఉత్తరంగా రాస్తున్నాను. షార్జాలో ఒక కాంట్రాక్టింగ్‌ కంపెనీ టైమ్‌ ఆఫీసులో ఏళ్ళ తరబడి సెలవు కాగితాలు నా చేతుల మీదుగానే నడిచాయి. ఇంటికి వెళ్ళినవాళ్ళను ఫోన్ల మీద సతాయించే అధికారులను, వాళ్ళకు రకరకాలుగా బదులిచ్చిన మనవాళ్ళను దగ్గరి నుంచి చూశాను. అలా ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్ళలో ఫోన్‌ ఎత్తనందుకు పోగొట్టుకున్నవాడు నాకు గుర్తు లేడు. చెప్పిన తేదీకి తిరిగి వెళ్ళనందుకో, కోపంలో ఒక మాట రాసి పంపినందుకో పోగొట్టుకున్నవాళ్ళే గుర్తున్నారు.

కాబట్టి ముందుగా నీ సెలవు మీద అతనికి ఉన్న అధికారం ఎంతో తెలుసుకో. యు.ఏ.ఈ.లో 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉన్న కార్మిక చట్టం, అంటే 2021 నాటి 33వ నంబరు ఫెడరల్‌ డిక్రీ చట్టం, ఏడాది సర్వీసు నిండిన ఉద్యోగికి సంవత్సరానికి 30 రోజుల జీతంతో కూడిన సెలవు ఇచ్చింది. ఆ సెలవు ఎప్పుడన్నది పని అవసరాన్ని బట్టి ఉద్యోగితో మాట్లాడుకుని నిర్ణయించే వీలు యజమానికి ఉంది; ఆ తేదీలను కనీసం ఒక నెల ముందు తెలియజేయవలసిన బాధ్యత కూడా ఉంది. అంటే నువ్వు విమానం ఎక్కకముందు "ఇప్పుడు కాదు, వచ్చే నెల వెళ్ళు" అని అనడానికి మీ మేనేజరుకు అవకాశం ఉండింది. ఫారం మీద సంతకం పెట్టి పంపించాక ఆ అవకాశం అయిపోయింది. మళ్ళీ అతని చేతికి బలం వచ్చేది నువ్వు తిరిగి చేరవలసిన తేదీ దాటిపోతేనే. ఈ మధ్య రోజుల్లో అతను నిన్ను అడగగలడు, బతిమాలగలడు, గొంతు పెంచగలడు, అంతవరకే. (మన వీధి నుంచి ఇంటి డ్రైవర్లుగా వెళ్ళినవాళ్ళకు మాత్రం ఈ ఉత్తరం చదివి వినిపించకు; ఇళ్ళలో పనిచేసేవాళ్ళకు వేరే చట్టం ఉంది.)

ఇక నీ కాగితాలు చూసుకో. సంతకాలైన సెలవు ఫారం, ఒప్పంద పత్రం, తిరుగు ప్రయాణపు టికెట్టు, ఈ మూడింటి ఫోటోలు నీ సొంత ఫోన్‌లో ఉండాలి, కంపెనీ ఇచ్చిన ఫోన్‌లో కాదు. ఫారం మీద "తిరిగి చేరవలసిన తేదీ" అని విడిగా రాసి ఉందో, లేక సెలవు ముగిసే తేదీ మాత్రమే ఉందో గమనించు, ఎందుకంటే ఆ ఒక్క రోజు తేడా మీదనే నేను చూసిన గొడవల్లో చాలా భాగం నడిచాయి. సెలవు మధ్యలో వచ్చే ప్రభుత్వ సెలవు దినాలు, ఒప్పందంలో వేరుగా రాసుకోకపోతే, నీ 30 రోజుల్లోనే కలిసిపోతాయి. ఈద్‌ పడింది కదా అని రెండు రోజులు కలుపుకుని వెళ్ళినవాడు గైరుహాజరు కిందికే వస్తాడు.

ఇప్పుడు అసలు విషయానికి, అంటే ఫోన్లకు వస్తాను. నువ్వు స్టోర్‌ చూసేవాడివి కనుక కొన్ని సంగతులు నిజంగానే నీకు తప్ప ఎవరికీ తెలియవు. ఫలానా వాల్వులు ఏ ర్యాక్‌లో పెట్టావు, పోయిన వారం వచ్చిన పైపుల డెలివరీ నోటు ఏ ఫైల్‌లో ఉంది, లోపలి గది తాళంచెవి ఎవరికి ఇచ్చి వచ్చావు అనేవి న్యాయమైన ప్రశ్నలే. వాటికి జవాబు చెప్పకపోవడం మొండితనం అవుతుంది. కానీ "ఈ నెల స్టాక్‌ షీటు నువ్వే తయారు చేసి పంపు", "సప్లయర్‌తో నువ్వే మాట్లాడు" అనేవి ప్రశ్నలు కావు, పని. నీ స్థానంలో మనిషిని పెట్టుకోవడం అతని బాధ్యత, ఆ పని చేయలేదు కనుక నీ మీద పడుతున్నాడు. పైవాళ్ళు, క్లయింటు అతని మీద పడుతూ ఉండవచ్చు, అది నిజమే కావచ్చు. అయినా దానికి పెళ్ళింట్లో ఉన్న నువ్వు జవాబుదారువు కావు.

రోజుకు ఒకసారి, ఒకే వేళకు బదులివ్వు. మనకంటే అక్కడి గడియారం గంటన్నర వెనుక ఉంటుంది కనుక అతను ఆఫీసు నుంచి బయలుదేరి కారులో తీరిగ్గా నీకు ఫోన్‌ కలిపే వేళకు ఇక్కడ భోజనాల వేళ అయి ఉంటుంది. నువ్వు ఆ వేళ దాకా ఆగకుండా ఉదయం పదకొండు గంటలకు, అక్కడ తొమ్మిదిన్నరకు, మెసేజ్‌ పంపితే అతని రోజు అప్పుడే మొదలవుతుంది, నీది అంతటితో తేలికవుతుంది. పైగా దుబాయ్‌ నుంచి వాట్సాప్‌ కాల్‌ కలవదు, మెసేజ్‌లు, వాయిస్‌ నోట్లు మాత్రమే వస్తాయి. ఇది నీకు మేలే, అతను అడిగినదంతా తేదీతో సహా నీ దగ్గర మిగులుతుంది. వాటిని చెరిపివేయకు. నేరుగా ఫోన్‌ చేసి మాట్లాడితే, మాట్లాడిన వెంటనే "ఇప్పుడు మీరు ఫోన్‌లో ఇది అడిగారు, నేను ఇది చెప్పాను" అని రెండు వాక్యాలు రాసి పంపు.

మొదటి మెసేజ్‌ ఇలా ఉండనివ్వు, ఇంగ్లిషులోకి నువ్వే మార్చుకో: "సార్‌, నమస్కారం. నేను ఆమోదం పొందిన వార్షిక సెలవులో ఉన్నాను, ఫలానా తేదీన తిరిగి చేరతాను. స్టోర్‌ వస్తువుల గురించి నాకు మాత్రమే తెలిసిన విషయం ఏదైనా ఉంటే మెసేజ్‌ పెట్టండి, మరుసటి ఉదయం జవాబిస్తాను. మిగిలిన పనులు హ్యాండోవర్‌ పత్రంలో రాసి ఇచ్చి వచ్చాను. దయచేసి మా కుటుంబ సభ్యుల నంబర్లకు ఫోన్‌ చేయవద్దని మనవి." ఇందులో క్షమాపణ లేదు, ఫిర్యాదు లేదు, పెళ్ళి గురించిన వివరణ కూడా లేదు. కారణాలు చెప్పడం మొదలుపెడితే ఒక్కొక్క కారణం మీద అతను బేరం ఆడతాడు. ఈ మెసేజ్‌ను హెచ్‌.ఆర్‌. విభాగానికి కూడా ఈమెయిల్‌గా పంపు. అమ్మ నంబరు నువ్వు అత్యవసరానికని ఫారంలో రాసినదే, దాన్ని ఇలా వాడటం మర్యాద కాదు. ఆమెకు మాత్రం మేనేజరు నంబరు నుంచి ఫోన్‌ వస్తే ఎత్తవద్దని చెప్పు చాలు.

సిస్టమ్‌ పాస్‌వర్డ్‌ అడిగితే ఇవ్వకు. నీ పేరు మీద ఎవరో సరుకు ఇష్యూ చేస్తే, లెక్క తగ్గిన రోజున సమాధానం చెప్పవలసినవాడివి నువ్వే అవుతావు. వాళ్ళకు అవసరమైతే ఐ.టి. విభాగం ద్వారా వేరే లాగిన్‌ ఇప్పించుకుంటారు.

"నాలుగు రోజుల్లో తిరిగి రా" అంటున్నాడని అక్క చెప్పింది. దీనికి నోటిమాటగా అవునని గానీ కాదని గానీ అనకు. "హెచ్‌.ఆర్‌. నుంచి ఈమెయిల్‌ పంపించండి, టికెట్టు మార్పు ఖర్చు ఎవరు భరిస్తారో, మిగిలిన సెలవు రోజులు నా ఖాతాలో ఎప్పటికి జమ అవుతాయో అందులో రాయండి" అని అడుగు. నిన్ను భయపెట్టడానికి పిలిచినవాడు ఆ కాగితం తేలేక అక్కడితో ఆగిపోతాడు. నిజంగా అవసరం ఉన్న కంపెనీ మర్నాడే పంపుతుంది. నేను పనిచేసిన కాలంలో ఉన్న 1980 నాటి చట్టం, సెలవులో పని చేయించుకుని ఆ రోజులను తరువాతికి జరపకపోతే జీతంతో పాటు మూలవేతనం లెక్కన సెలవు భత్యం కూడా ఇవ్వాలని, వరుసగా రెండేళ్ళలో ఒకసారికి మించి అలా చేయించరాదని స్పష్టంగా చెప్పేది. ఆ చట్టం ఇప్పుడు లేదు కనుక దాని పేరు ఎత్తకు, రోజుల లెక్కను మాత్రం కాగితం మీద పెట్టించుకో. చెల్లి పెళ్ళి ముహూర్తం ఎలాగూ మారదు కనుక, ఈమెయిల్‌ వచ్చినా "ఈ తేదీకి ముందు రాలేను" అని మర్యాదగా ఒక్క వాక్యంలో రాసే హక్కు నీకు ఉంది.

బెదిరింపుల సంగతి. మనవాళ్ళను ఎక్కువగా వణికించేది "అబ్‌స్కాండింగ్‌ పెడతాను", అంటే పని వదిలి పారిపోయావని ఫిర్యాదు చేస్తాను అనే మాట. ఒప్పుకున్న సెలవులో ఉన్నవాడు పారిపోయినవాడు ఎలా అవుతాడు? చట్టం ప్రకారం గైరుహాజరు పేరుతో నోటీసు లేకుండా తీసివేయడానికి, సరైన కారణం లేకుండా వరుసగా 7 రోజులకు మించి, లేదా ఏడాదిలో విడివిడిగా 20 రోజులకు మించి పనికి రాకపోయి ఉండాలి. అప్పుడు కూడా ముందు రాతపూర్వకంగా విచారణ జరపాలి. అయితే ఈ లెక్క తిరిగి చేరవలసిన రోజు నుంచి మొదలవుతుంది కనుక ఆ తేదీ విషయంలో ఏ మాత్రం అలసత్వం వద్దు. విమానం తప్పినా, జ్వరం వచ్చినా, అదే రోజు ఆధారంతో సహా ఈమెయిల్‌ పెట్టు.

రెండో బెదిరింపు "రాకపోతే రాజీనామా పంపు" అనేది. ఇంట్లో కూర్చుని, అదీ వాట్సాప్‌లో, రాజీనామా ఎన్నడూ పంపకు. మానదలుచుకుంటే తిరిగి వెళ్ళి, ఒప్పందంలో ఉన్న నోటీసు కాలం, అంటే 30 నుంచి 90 రోజుల మధ్య ఎంత రాసుకుంటే అంత, పూర్తి చేసి, గ్రాట్యుటీ, వాడని సెలవుల డబ్బు చేతికి తీసుకుని రా. మొదటి 5 ఏళ్ళకు ఏడాదికి 21 రోజుల మూలవేతనం చొప్పున వచ్చే గ్రాట్యుటీ నీ లాంటివాడికి చిన్న మొత్తం కాదు. తిరిగి వెళ్ళకుండా ఉండిపోయినవాడికి ఆ దేశంలో మరో ఉద్యోగానికి ఏడాది పాటు పర్మిట్‌ దొరకని నిబంధన కూడా ఉంది. ఆరు నెలలకు మించి బయట ఉంటే మామూలు రెసిడెన్స్‌ వీసా చెల్లకుండా పోతుంది. నువ్వు అన్న "పోతే పోయింది" అనే మాటకు వెల ఇంత.

సైట్‌ గ్రూపులో అందరి ముందు నిన్ను "పెళ్ళి సాకుతో తప్పించుకున్నవాడు" అన్నాడట. అక్కడ బదులివ్వకు, నీ తరఫున బదులివ్వమని స్నేహితులను కూడా ఎగదోయకు. స్క్రీన్‌షాట్‌ తీసుకుని గ్రూపును మ్యూట్‌ చెయ్యి. గ్రూపు నుంచి బయటకు వస్తే "ఇన్ఫర్మేషన్‌ చూడలేదు" అనే మరో నేరం మోపుతాడు.

మానవ వనరుల మంత్రిత్వ శాఖకు ఫిర్యాదు చేయనా అని అడిగావట. ఫోన్ల వేధింపు మీద అంత దూరం వెళ్ళడం నాకు సమ్మతం కాదు. అక్కడ అడిగేవి డబ్బు, రోజులు, కాగితాలు. సెలవు జీతం ఆపితే, సెలవు రోజులు కోస్తే, పాస్‌పోర్టు దగ్గర పెట్టుకుంటే అప్పుడు వెళ్ళు. ఫిర్యాదు నిజమని తేలి, అది పెట్టినందుకే తీసివేశారని రుజువైతే కోర్టు 3 నెలల జీతం దాకా నష్టపరిహారం ఇప్పించగలదు. భాష ఇబ్బందైతే దుబాయ్‌లోని ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రంలో అడుగు, అది మన కాన్సులేట్‌ తరఫున నడిచేదే.

తిరిగి చేరిన మొదటి రోజు స్టోర్‌లోకి అడుగు పెట్టకముందే హెచ్‌.ఆర్‌.కు వెళ్ళి రీజాయినింగ్‌ ఫారం మీద తేదీ వేయించుకుని కాపీ తీసుకో. మేనేజరు ఎదురుపడితే మామూలుగా సలాం చెప్పి, ముందు స్టాక్‌ లెక్క చూసుకుని, తేడాలుంటే ఆ సాయంత్రానికే అతనికి రాసి ఇవ్వు, లేకపోతే నువ్వు లేని రోజుల లోటు నీ ఖాతాలో పడుతుంది. ఆ ఫారం ఫోటో నాకు కూడా పంపు, నీ సెలవు ఫారంతో పోల్చి చూస్తాను. తేదీల్లో తప్పుంటే ఆ నెల జీతం లెక్క వేయకముందే సరిచేయించాలి.

ఇట్లు,
మీ మామయ్య